మెడ చుట్టూ పూల స్వెట్టరు

కార్తీకం దాటగానే కడపలో మా వీధి మలుపు దగ్గరికి ఉత్తరాది నుంచి స్వెట్టర్లు అమ్మేవాళ్ళు వచ్చి, చెట్టుకూ కరెంటు స్తంభానికీ తాళ్ళు కట్టి రంగురంగులవి వేలాడదీస్తారు. పొద్దున నడకకు వెళ్ళే నేను అక్కడ ఆగకుండా పోలేను. కొనను, బేరమాడను, మెడ చుట్టూ పూలల్లికలున్నది ఏదైనా కనబడితే దాన్ని తిరగేసి లోపలి వైపు చూసి మళ్ళీ యథాప్రకారం పెట్టేస్తాను. మొన్న ఆ దుకాణంలో పనికి కుదిరిన మా ఊరి అమ్మాయి ఒకతె ఓపిక పట్టలేక అడిగేసింది.

"ఏం తాతా, దినామూ వస్తావు, తిరగేసి చూస్తావు, కొనేది లేదు పాడు లేదు. లోపల ఏముండాదని?"

నవ్వి వచ్చేశాను. ఆ పిల్లకు చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నాకు పేరొచ్చే సంగతి ఒక్కటీ లేదు.

రాజధాని కర్నూలుకు వచ్చిన రోజులు నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచేవి. ఎండాకాలం లోపల కుంపటి పెట్టినట్టుండేది, చలికాలం తెల్లవారుగాలికి కాగితాలు ఎగిరిపోకుండా ప్రతి గుమాస్తా బల్ల మీదా నాలుగు గులకరాళ్ళుండేవి. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పాత ఊళ్ళో రెండు గదుల అద్దె ఇల్లు, భార్య, ఇద్దరు పసివాళ్ళు, వాళ్ళతో పాటు నా చెల్లెలు.

చెల్లెలు మాతో ఎందుకుందో చెప్పాలి. పెళ్ళయి ఐదేళ్ళయినా పిల్లలు కలగలేదని ఆమె భర్త మరో పెళ్ళి చేసుకొని, ఒకనాడు ఆమెనూ ఆమె ట్రంకుపెట్టెనూ బద్వేలు దగ్గరి మా పల్లెలో, మా నాన్న గడప ముందు దింపి పోయాడు. నాన్న నలుగురినీ వెంటబెట్టుకొని వెళ్ళి అడుగుతానన్నాడు. వద్దన్నది నేనే. కొత్త ఉద్యోగం, పంచాయితీ అంటూ సెలవులు పెట్టి తిరగలేనన్నాను. నీకేం కావాలమ్మా అని చెల్లెలిని అడగాలన్న ఆలోచన మాత్రం మా ఇద్దరికీ రాలేదు. కర్నూలుకు తీసుకొచ్చి, ఉద్ధరించానని పదిమందికి చెప్పుకున్నాను. నీళ్ళు మోయడం, రాగులు విసరడం, పిల్లలను ఎత్తుకోవడం అన్నీ ఆమెవే. పాత చీరలతో బొంతలు కుట్టడంలో ఆమె చేయి మా పల్లెలో పేరున్న చేయి. దారం బిగించి లాగిందంటే ఆ బొంత పదేళ్ళయినా వదులయ్యేది కాదు.

మా చిన్నవాడికి జ్వరం వస్తే మిషను ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది. అక్కడ మంచుదేశం నుంచి వచ్చిన ఒక నర్సమ్మ, మధ్యాహ్నాలు వరండాలో ఆడవాళ్ళకు ఊలు అల్లిక నేర్పేది. చెల్లెలు అది చూసింది. ఆ తరువాత జ్వరం లేకపోయినా వెళ్ళేది. గళ్ళ కాగితం మీద నర్సమ్మ గీసిన పూల లెక్క, అక్షరం రాని నా చెల్లెలికి ముగ్గు చుక్కల్లాగా ఇట్టే అర్థమైపోయిందట. అర్థం కానిది చేతికి. ఆ అల్లికలో రెండు రంగుల దారాలు కలిసి నడవాలి, ఒకటి పైన పువ్వవుతుంటే రెండోది వెనక ఊరికే వదులుగా సాగాలి. బొంతల చేయి కదా, దాన్ని బిగలాగేది. బట్ట ముడుచుకుపోయేది. నర్సమ్మ నాలుగుసార్లు విప్పించింది. ఐదోసారికి చేయి వదులు కావడం నేర్చుకుంది. అత్తవారింట్లోనూ మా ఇంట్లోనూ ఎన్నడూ వదులు కాని చేయి అది.

నర్సమ్మ తన దేశం నుంచి తెచ్చుకున్న ఊలు, మిగిలినది మిగిలినట్టు ఇచ్చింది. గొర్రె తెలుపు, బూడిద రంగు, నల్లనీలం. కుట్లూ అతుకులూ లేకుండా, గొట్టంలాగా గుండ్రంగా కింద నుంచి పైకి అల్లుకుంటూ పోయి, చేతులను కలుపుకొని, భుజాల నుంచి మెడ వరకు పూల వలయాలు తిప్పాలి. ఎనిమిది నెలలు అల్లింది. మా వీధి ఆడవాళ్ళు నవ్వేవారు. నేనైతే నవ్వి ఊరుకునేవాడిని కాదు. ఒకనాడు స్నేహితుల ముందే అన్నాను.

"మొగుడే వద్దని తోలేసినాడు. ఇంగ ఎవురికమ్మే అల్లతాండావు, గొర్రెకా?"

వాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె లెక్క తప్పకుండా ఆ వరుస పూర్తిచేసి, సూదులు ముడిచి లోపలికి పోయింది.

ఎవరికి అల్లుతోందో నాకు తెలుసు. భార్య చెప్పింది. మొదటి నుంచి చివరి దాకా ఒకరి సాయం లేకుండా ఒక స్వెట్టరు అల్లి తెస్తే, ఆడవాళ్ళకు నేర్పే పనిలో పెట్టుకుంటానని నర్సమ్మ మాటిచ్చిందట. వచ్చే సోమవారం తీసుకుపోవాలి.

"ఉండేదానికి గది గూడా ఇస్తారంట," అని నా భార్య గొంతు తగ్గించింది. "ఆయమ్మ పోతే మనకి నీళ్ళెవురు మోస్తారు?"

ఆ ప్రశ్న నాకూ పట్టుకుంది. అదే వారం మా పై అధికారి పనిమీద ఢిల్లీ వెళుతున్నాడు. అక్కడి చలి గురించి గుడారంలో అందరికీ వినబడేలా రోజూ చెప్పేవాడు. హెడ్డు గుమాస్తా స్థానం ఖాళీగా ఉంది. శనివారం పొద్దున, చెల్లెలు బిందె తీసుకొని వెళ్ళగానే, తెల్ల పంచెలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకున్న స్వెట్టరు తీసి సంచిలో పెట్టుకున్నాను. మరొకటి అల్లుకుంటుందిలే అనుకున్నాను. అల్లుకోకపోయినా మంచిదే అని కూడా అనుకున్నాను. ఈ రెండో మాట దాచుకుంటే ఇదంతా రాయడం దండగ.

అధికారి ముచ్చటపడి, అక్కడే తొడుక్కుంటానని లేచాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు బొత్తాలు లేవు, తెరుపు లేదు. ఆయన పాతకాలం మనిషి, జరీ అంచు తలపాగా పొద్దున ఇంట్లో అద్దం ముందు చుట్టుకుంటే మళ్ళీ సాయంత్రం ఇంట్లోనే విప్పేవాడు. ఆయన బోడితల చూసిన గుమాస్తా మాలో ఒక్కడూ లేడు. ఛాతీ కొలత కళ్ళతో చూసుకున్న నాకు ఆ తలపాగా తట్టనేలేదు.

"ఏమిటయ్యా ఇది, తొడుక్కోవాలంటే ముందు నా తలకాయ తీసి బల్ల మీద పెట్టాలా?"

గుడారమంతా నవ్వింది. ఒక్క నిమిషం ఉండండయ్యా, ముందు తెరుపు పెడతానని, దస్త్రాల నాడా కత్తిరించే పెద్ద కత్తెర తీసుకున్నాను. మెడ దగ్గర మొదలుపెట్టి, పూల మధ్య నుంచి నేరుగా రొమ్ము దాకా కోశాను. కోస్తున్నప్పుడే ఇరుపక్కలా మెలికలు ఊడిపోవడం మొదలైంది. ఆయన పట్టి లాగేసరికి పువ్వు తరువాత పువ్వు విడిపోయి, అంచులు పీచు పీచుగా వేలాడాయి. రెండు వేళ్ళతో ఎత్తి నా బల్ల మీద పడేసి, దీన్ని తీసెయ్యి, అన్నాడు.

నవ్వులపాలైన కోపం ఇంటికి తెచ్చాను. తిరగలి ముందు కూర్చున్న ఆమె ఒళ్ళోకి ఆ పీచుగుడ్డను విసిరి, మనుషులు తొడుక్కునే బట్ట ఎట్లుంటుందో తెలియని నువ్వు ఇంకొకరికి నేర్పుతావా, అని అరిచాను. ఆమె ఏడవలేదు. పిండి చేతులు చీరకు తుడుచుకొని, జడలోంచి పిన్ను తీసి, జారిపోతున్న మెలికలను ఒక్కొక్కటే పట్టడానికి చూసింది. ఒకటి పడితే నాలుగు జారాయి. పిన్ను పక్కన పెట్టింది.

"కోసేముందర ఒక్క మాట అడిగింటే, రెండు పక్కలా కుట్టేసి ఇచ్చింటి గదన్నా. ఆయమ్మోళ్ళ ఊళ్ళో అట్లనే కోస్తారంట. కుట్టినాక కోస్తే ఒక్క పోగు గూడా జారదంట."

ఎందుకు తీసుకుపోయావని కాదు, ఎందుకు అడగలేదని. తిరగలి మళ్ళీ తిప్పుకోవడం మొదలుపెట్టింది.

సోమవారం ఆమె ఎక్కడికీ పోలేదు. రెండు వారాలు చూసి నర్సమ్మే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా ఆడవాళ్ళు ఉద్యోగాలకు పోరని గడపలోనే నిలబడి చెప్పాను. లోపల తిరగలి శబ్దం ఆగింది. నర్సమ్మ వెళ్ళిపోయాక మళ్ళీ మొదలైంది. ఎండలు ముదరకముందే ఆమె తన దేశం వెళ్ళిపోయిందని విన్నాం. హెడ్డు గుమాస్తా పని నాకే వచ్చింది. చెప్పగానే వెనకా ముందూ చూడకుండా చేసే మనిషి అని ఆ అధికారే సిఫారసు చేశాడట.

కోత పడని కింది భాగాన్ని చెల్లెలు విప్పి ఉండలు చుట్టి, నా పిల్లలకు టోపీలు అల్లింది. పూల భాగంలో దారమంతా మూర మూర ముక్కలు, ఎందుకూ పనికిరాదు. వాటిని ఏరి, గుడ్డసంచిలో కూరి, ఆ ఏడు పుట్టిన నా మూడోవాడికి తలగడ కుట్టింది. మా ఇంట్లోనే ముప్పై ఏళ్ళ పైన ఉండి కన్నుమూసింది. ఆ తరువాత సూదులు పట్టగా నేను చూడలేదు. నేనూ తెచ్చివ్వలేదు.

ఇప్పుడు స్వెట్టర్లన్నిటికీ ముందు జిప్పు ఉంటోంది. వాటి పక్కనుంచే పొద్దున్నే బ్యాగులు తగిలించుకొని ఆడపిల్లలు బస్సులెక్కి పనులకు పోతున్నారు. అన్నలను అడిగి పోతున్నారో లేదో నాకు తెలియదు. కాలం మారింది, మంచిదే. మారడానికి నా వంటి వాళ్ళం చేసింది మాత్రం ఏమీ లేదు, అడ్డం నిలబడడం తప్ప. తిరగేసిన స్వెట్టరు వెనక అల్లిక యంత్రం వదిలిన దారాలు వదులుగా, నిశ్చింతగా సాగి ఉంటాయి. అంత వదులుగా ఉండడం నేర్చుకోవడానికి నా చెల్లెలికి నాలుగుసార్లు విప్పడం పట్టింది. రేపు ఆ దుకాణం పిల్ల మళ్ళీ అడిగితే, లోపల ఏముందో చూడడం నాకు ఆలస్యంగా అలవాటైందమ్మా, అని చెప్పాలి.