వంటగట్టు పూతకు పేటెంటు

అద్దెకున్న ఇంట్లో వంటగట్టు మీద ఆవకాయ నూనె మరక పడిందని ఇంటావిడ తిట్టింది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మార్టూరు నుంచి గ్రానైటు ముక్కలు తెచ్చి, పత్తిగింజల నూనె కలిపిన పూత ఒకటి తయారుచేశాను. రాసి ఎండలో పెడితే చాలు, ఇక పసుపూ నూనే రాయిలోకి ఇంకవు. పేటెంటుకు దరఖాస్తు పెట్టేశాను. సన్మానానికి ఏ రంగు శాలువా బాగుంటుందో కూడా ఆలోచించాను.

ఇలాంటి పూతలు విదేశాల్లో ముందే ఇద్దరు కనిపెట్టారని పేటెంటు ఆఫీసు వాళ్లు అభ్యంతరం చెప్పారు. నాది కొత్తదనీ, ఆ విద్య తెలిసినవాళ్లకైనా తేలిగ్గా తట్టేది కాదనీ నేను నిరూపించాలి. లాయరును పెట్టుకోమంటే, నా పూత సంగతి నాకంటే ఎవరికి తెలుసన్నాను. విచారణ వీడియోలో జరిగింది. ఆ విదేశాల వాళ్ల పూత ఆరడానికి కొలిమంత వేడి కావాలి, నాకు మా గుంటూరు ఎండ చాలు. నూనె కలిస్తే పూత పాడవుతుందని వాళ్లే రాసుకున్నారు, నాది నూనె కలిపాకే గట్టిపడింది. పరీక్షల ఫలితాలు చూపించి బల్లగుద్ది వాదించాను.

"ఆ రెండూ వదిలేస్తున్నానండి. మూడోది చూద్దాం," అన్నారు అధికారి. వాళ్లు పంపిన అభ్యంతరాల కాగితంలో మూడోది ఏదో వీడియో లింకు. నాకంటే ఎవరికి తెలుసన్న ధీమాలో నేను తెరిచి కూడా చూడలేదు.

ఆయన ఆ వీడియో పెట్టారు. అందులో నేనే ఉన్నాను. దరఖాస్తుకు చాలా ముందు, అద్దె ఇల్లు వదిలి సొంతింట్లోకి మారినప్పటి మా గృహప్రవేశం. పాలు పొంగి, నా పూత రాసిన గట్టుమీద పడగానే గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, కల్లాల్లో మిరపకాయలు వదిలేసి వచ్చిన చుట్టాలకు పూత రహస్యం విప్పుతున్నాను. ఏది ఎంత, ఏది ముందు, ఎంతసేపు ఎండ, అన్నీ. "ఒరేయ్, భోజనాలెప్పుడురా?" అని మా పెదనాన్న అరుస్తున్నా ఆగలేదు. మా బావమరిది మురిసిపోయి దాన్ని యూట్యూబులో పెట్టాడు. దరఖాస్తుకు ముందే లోకానికి చెప్పేస్తే, చెప్పింది సొంతదారుడైనా సరే, అది కొత్తది కాదట. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇంట ఓడాను.

"మా వాళ్లంతా రైతులండీ, ఒక్కరికీ అర్థం కాలేదు," అని బతిమాలాను.

"లేదు మాస్టారూ, చాలా స్పష్టంగా చెప్పారు. ఇది చూసి ఈ పని తెలిసినవాళ్లెవరైనా చేసుకోవచ్చు," అన్నారాయన.

పేటెంటు పోయింది. ఏడుపొచ్చింది. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పాఠం అర్థమైందని ఒక మనిషి అనడం అదే మొదటిసారి. సిగ్గు విడిచి "థాంక్సండీ" అన్నాను.