మొదటి కాన్పు ఎవరింట్లో

"మళ్లీ ఎప్పుడు పోతా ఉండావమ్మే?"

కువైట్ నుంచి నేను వచ్చేసిన కొత్తల్లో ఈ ప్రశ్న అడగనివాళ్లు మా ఊళ్లో లేరు. చేపలమ్మే ఆవిడ తక్కెడ పట్టుకునే అడిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారు చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "వందనాలమ్మా, సెలవు ఎన్నాళ్లు?" అన్నారు. నాకు ఒళ్లు మండేది. "పోను. వచ్చేసినా. నా ఊరు, నా ఇల్లు. ఏం, ఉండకూడదా?" అనేదాన్ని. వాళ్లు నవ్వేసేవాళ్లు, ఇదీ కువైట్ నుంచి తెచ్చుకున్న తిక్కే అన్నట్టు. రెండేళ్లకోసారి వచ్చి, సబ్బులూ సెంటు సీసాలూ పంచిపెట్టి, కన్నీళ్లు పెట్టుకుని విమానమెక్కే మనిషైతే అందరికీ ముద్దు. ఉండిపోయే మనిషి ఎవరికి కావాలి?

ఊరు కూడా నేను వదిలి వెళ్లిన ఊరు కాదు. కృష్ణపట్నం పోర్టుకి పోయే లారీల దుమ్ముకి దండెం మీది తెల్లచీర సాయంత్రానికి మాసిన గుడ్డయ్యేది. నేను రెండు పూటలా గచ్చు కడిగేదాన్ని. పక్కింటామె గోడ మీంచి చూసి, "ఎవురి కోసం మే అంత రుద్దుతావు? ఇక్కడ నీ కువైట్ మేడమ్ లేదులే!" అని నవ్వింది. చేపల పులుసు పెడితే మా అక్క నాలిక మీద వేసుకుని, "ఇది పులుసా, జ్వరమొచ్చినోళ్లకి పోసే చారా?" అంది. ఒక పెద్ద కుటుంబానికి ఏళ్ల తరబడి వండి వార్చిన చెయ్యి నాది. నా ఊళ్లో దానికి ఉప్పూకారం వెయ్యడం రాదట! రెంటికీ చెడ్డ రేవడినయ్యానని ఆ రోజే అర్థమైంది. పులుసంతా తీసుకుపోయి దొడ్లో పారబోశాను.

అక్క సంగతి చెప్పాలి. మా ఆయన పోయేనాటికి నా కూతురికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. పిల్లని అక్క చేతుల్లో పెట్టి విమానమెక్కాను. అక్కకి పిల్లల్లేరు, బావ కూడా తొందరగానే పోయాడు. పిల్ల అక్కనే అమ్మా అంది. నన్ను కువైటమ్మ అంది. ఫోన్లో "కువైటమ్మా, బాగుండావా?" అని అడిగేది, ఏం అడగాలో పక్కనుంచి అక్క అందిస్తుంటే. పెద్దయ్యాక అదీ మానేసింది. ఏమీ పెట్టి పిలవకుండానే నాతో మాట్లాడటం నేర్చుకుంది. వెళ్లినందుకు నేను ఏనాడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. వెళ్లకపోతే ముగ్గురం కలిసి పస్తులుండేవాళ్లం.

కూతురు నెల తప్పిందని తెలిసిన రోజే ఇంటికి వెళ్లిపోతానని, మళ్లీ రానని మేడమ్‌తో చెప్పేశాను. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి, కన్నతల్లి చేతుల మీద జరగాలి. దాని జ్వరాలు నేను చూడలేదు. అది పెద్దమనిషైనప్పుడు లేను. పెళ్లికి చుట్టంలాగా వారం ముందు దిగాను. ఈ ఒక్కటైనా నాది కావాలనుకున్నాను. పరాయి పిల్లలకి నీళ్లు పోశాను, జోకొట్టాను. నా కూతురి బిడ్డకి కాళ్లు చాపుకుని నీళ్లు పోయకపోతే ఇక ఈ చేతులెందుకు? నేను కట్టించిన ఇంట్లో తూర్పు గది దాని కోసం సిద్ధం చేశాను. ఏసీ పెట్టించాను, కిటికీలకి దోమల వల కొట్టించాను, పాత మంచం తీసేసి ఎత్తు తక్కువది వేయించాను.

తొమ్మిదో నెల రాగానే చలిమిడి చేసుకుని, అక్కని వెంటబెట్టుకుని కారులో గూడూరు వెళ్లాను. మా అల్లుడు అక్కడ నిమ్మకాయల మార్కెట్లో పనిచేస్తాడు. కడుపుతో ఉన్న కూతురి ఒళ్లో చలిమిడి పెట్టి పుట్టింటికి పిలుచుకురావడం మా వైపు ఆనవాయితీ. ప్రభువుని నమ్ముకున్నా దాన్ని మాత్రం మేం వదల్లేదు. ముందు ప్రార్థన చేస్తాం, అంతే తేడా.

వియ్యపురాలు చాప వేసింది. ప్రార్థన అయింది. నేను గిన్నె పట్టుకుని వంగాను. కూతురు కొంగు పట్టలేదు.

"ఒక మాట చెప్పాల. నేను అమ్మ కాడే ఉంటా," అంది, తల దించుకుని.

"ఏ అమ్మ?" అన్నాను. తెలిసే అడిగాను.

అది అక్క వైపు చూసింది. అక్క నేల చూపులు చూస్తోంది.

"అక్క రేకులింట్లో ఎండకి ఉడికిపోతావే! నీ కోసం గది..."

"నాకు అక్కడ అలవాటు."

"ఏ ఇల్లైతే ఏముందిలే వదినా, రెండూ ఒక ఊళ్లోనే గదా," అని వియ్యపురాలు సర్దబోయింది. గిన్నె అక్క చేతుల్లో కుక్కి నేను కారు దగ్గరికి వచ్చేశాను. అది ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో చూడలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాను. ముందురోజు మాతో వచ్చి అక్కడే దిగిన కూతురు లోపల నిద్రపోతోంది. అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"నువ్వే నూరిపోసినావు దానికి," అన్నాను.

"నేనేం నూరిపోయలా. మీ అమ్మ ఇంటికే పొమ్మని నాలుగుసార్లు చెప్పినా. వినలా."

"చెప్పినావులే! నా బిడ్డని నాకు కాకుండా చేసినావు."

అక్క చేట కింద పెట్టింది. "కాకుండా చేసినానా? ఏడ్చిన రోజల్లా నీ ఫోటో చూపించి, ముద్దు పెట్టించి పండబెట్టినా మే. ఫోటోకి ఎన్నాళ్లని ముద్దు పెడతాది పిల్ల?"

నాకు కోపం ఇంకా పెరిగింది. "నీకు తిండి పెట్టింది ఆ ఫోటోనే," అనేశాను. అక్క మళ్లీ చేట అందుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఎవరితో చెప్పుకోను? రోజూ పాలూ పండ్లూ పట్టుకుని ఆ ఇంటికే పోయేదాన్ని. నన్ను చూడగానే కూతురు లేచి కుర్చీ వేసేది. కాఫీ కలపనా అనేది. నిండు కడుపుతో నాకు మర్యాదలు! "కూర్చోవే, నేనేమన్నా కలెక్టరునా?" అని కసిరేదాన్ని. అదే అక్క వస్తే కాళ్లు రెండూ అక్క ఒళ్లో పడేసి పిసకమనేది. పిసకడం కూడా చేతకాదా నీకు అని తిట్టేది. నన్ను ఎవరైనా అలా తిడితే బాగుండనిపించేది.

ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. నెల్లూరులో నర్సింగ్ హోముకి తీసుకెళ్లాం. లోపల ఆడమనిషి ఒక్కరే ఉండాలన్నారు. ఎవరన్నది ఎవరూ అడగలేదు, అక్క వెళ్లింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు అవతల నా కూతురు గొంతు చించుకుని అరుస్తోంది. "చచ్చిపోతా ఉండానే, నా వల్ల కాదే" అని అక్కని తిడుతోంది, మొగుణ్ని తిడుతోంది, యేసయ్యా అని కేకలు పెడుతోంది. మెట్ల దగ్గర నిలబడ్డ అల్లుడి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

అంతలో మందుల చీటీ పట్టుకుని అక్క బయటికి వచ్చింది. చీటీ అల్లుడికిచ్చి పంపొచ్చు. ఇవ్వలేదు. నా దగ్గరికొచ్చి, పోట్లాట తర్వాత మొదటిసారి నోరు విప్పింది. "మందులు నేను తెస్తాలే. పో మే, నువ్వు కూర్చో దాని దగ్గిర. చెయ్యి పట్టుకో."

పరుగున లోపలికి వెళ్లాను. కూతురు నన్ను చూసింది. నోరు మూసుకుంది. మోకాళ్ల పైకి జరిగిన నైటీని కిందికి లాక్కుంది. నొప్పి తెరలు తెరలుగా వస్తోంది. మెడ నరాలు ఉబ్బాయి, పెదవిని పంటి కింద నొక్కిపట్టింది. చిన్న మూలుగు కూడా బయటికి రానివ్వలేదు. నేను చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది.

"అరిచెయ్యి తల్లీ. ఎవురుండారిక్కడ, నేనే గదా," అన్నాను.

"పర్లేదులే. నువ్వు కూర్చో," అంది.

నర్సు వచ్చి కసిరింది. "ఏందమ్మా ఊపిరి బిగబడతా ఉండావు? బిడ్డకి కష్టం. ఇందాక బాగానే అరిచినావు గదా, ఇప్పుడేమైంది?"

ఏమైందో నర్సుకి తెలియదు. నాకు తెలుసు. నా ముందు అరవడానికి నా కూతురికి సిగ్గేసింది.

చెయ్యి వదిలి బయటికొచ్చాను. అక్క మందుల పొట్లంతో ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తోంది. "వచ్చేసినావేందే?" అంది. "నువ్వు పో," అన్నాను. అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. వేసుకున్న మరుక్షణం నా కూతురు మళ్లీ గొంతెత్తి అరిచింది.