పసుపు కాదు, పీచు

"నేనింక కారు నడపను. ఉద్యోగం కూడా మానేస్తాను," అంది మా ఆవిడ ఒక శనివారం పొద్దున. గొంతులో కోపం లేదు. తనలో తాను వాదించుకోవడం ముగించిన మనిషి గొంతు అది.

ఆమె ఆఫీసు రాయదుర్గం ఐటీ టవర్లలో. మధ్యాహ్నం వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. నల్లగండ్ల దాకా వీధి దీపాలుంటాయి. మా అపార్టుమెంటుకు తిరిగే దారిలో ఉండవు. అక్కడే కొన్నాళ్లుగా ఆమెకు ముందున్నది కంటికి ఆనడం లేదు. శుక్రవారం ఒక బర్రె బానెట్‌కు తగిలేంత దగ్గరికొచ్చాకే కనబడిందట.

ఆమె భయం బర్రె గురించి కాదు. వాళ్ల నాన్నకు చూపు పోవడం ఇలాగే మొదలైంది. ముందు సందెవేళ తడబాటు, తర్వాత పూర్తి చీకటి. కళ్ల డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏ లోపమూ లేదన్నాడు. "నాన్నకీ మొదట అట్లనే చెప్పినారు," అని ఆమె ఆ మాటను పక్కన పెట్టేసింది.

మాతోనే ఉంటున్న మా అత్తగారిది అనంతపురం వైపు. ఆమె దగ్గర రెండు కారణాలు సిద్ధంగా ఉన్నాయి: ఒకటి దిష్టి, రెండోది వంశం. దిష్టికి వ్యతిరేకంగా హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ని, ఇంట్లో ఊరుకుంటానా?

"కారణం వెతకడానికి బద్ధకించేవాళ్లే దిష్టి అంటారు," అన్నాను.

"వెతుకు నాయనా, ఎవరొద్దన్నారు?" అందామె.

న్యాయమైన మాట. నేను మెట్రోలో తిరిగేవాణ్ని, ఆ కారు ముట్టుకోవడమే తక్కువ. ఆ రోజు చీకటి పడ్డాక నేనే నడుపుకుంటూ ఆ దారికి వెళ్లాను. నాకూ ఏమీ కనబడలేదు. కారు ముందు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, వెలుతురు మాత్రం రోడ్డు మీద పడకుండా బండి మూతి దగ్గరే మంచులా నిలిచిపోయింది.

తెల్లారి చూస్తే దీపాల మీది ప్లాస్టిక్ అద్దాలు పసుపుపచ్చగా మసకబారి ఉన్నాయి. నడిమధ్య, తోమిన కంచం అడుగులా, గుండ్రటి గీతలు. అత్తగారిని పిలిచాను.

"అదా? ఆయుధ పూజకు బండి కండ్లకు పసుపు, బొట్లు పెడతాం గదా. ఎండిపోతే బంకమాదిరి పట్టేసుకుంటాది. పాప ఆఫీసుకు పోయే బండని, గిన్నెల పీచుతో నేనే రుద్ది కడుగుతా ప్రతి దసరాకూ."

నాకు పూనకం వచ్చినంత పనైంది. "చూశారా! ఇనుముకు పూజ, ప్లాస్టిక్‌కు బొట్టు! మనిషి ప్రాణం మీదికి తెచ్చేదే ఆచారమంటే!"

"పసుపు గీకుతాదా నాయనా? నా జన్మంతా మొగానికి పూసుకుంటి. ఏడన్నా గీత పడిందేమో సూడు. ఈ ముడతలు వయసువి, పసుపువి గావు."

మా ఆవిడ నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్నానా నవ్వు. "పసుపు కాదండీ, పీచు. పక్కన ఉన్నంత మాత్రాన కారణమైపోదని మీరే కదా అంటారు!"

నిజమే. పీచు పైపూతను గీకేసింది, మిగతా పని ఎండ చేసింది. ఆచారానికి ఇందులో వాటా ఎంత అన్న చర్చను అప్పటికి వాయిదా వేశాను.

కానీ ఆమె నవ్వు ఆగిపోయింది. "దీపాలూ పోయి ఉండొచ్చు, నా కళ్లూ పోయి ఉండొచ్చు. రెండూ ఒకేసారి నిజం కాకూడదా?"

కావచ్చు. ఇక తేల్చేది ప్రయోగమే. లింగంపల్లిలో హార్డువేరు దుకాణానికి వెళ్లాను.

"పళ్లు తోముకునే పేస్టు రుద్దితే కారు దీపాల మసక పోతుందంటారు, నిజమేనా?" అని అడిగాను.

"మెరుస్తది అన్నా, నాల్గు దినాలు. మల్ల గట్లనే అయితది," అని దుకాణదారు తడిపి రుద్దే వాటర్ పేపర్లు, గరుకువీ నున్నటివీ, పాలిష్, పైన కొట్టే రంగులేని పూత, క్లియర్ కోటు డబ్బా ముందు పెట్టాడు. "జర ఓపిక పట్టు, గంతే."

కారు రంగు చెడకుండా దీపాల చుట్టూ టేపు అంటించి, నీళ్లు పోస్తూ ముందు గరుకు కాగితంతో రుద్దాను. పచ్చటి నీళ్లు కారాయి. తడిగా ఉన్నంతసేపు అద్దం తేటగా కనిపించి, ఆరగానే సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఉండే చూపు గూడా తీసేస్తివే!" అంది అత్తగారు.

గుండె జారింది. హేతువాదికీ గుండె ఉంటుంది, అదీ జారుతుంది. నున్నటి కాగితాలకు మారాను. తెలుపు పల్చబడింది. మెత్తటి గుడ్డతో పాలిష్ రుద్దేసరికి లోపలి బల్బు, దాని చుట్టూ ఉన్న వెండిలా మెరిసే గిన్నె బయటపడ్డాయి. మా ఆవిడ గుడ్డ లాక్కుని రెండో అద్దం తనే మెరిపించింది. మళ్లీ ఎండ తినకుండా క్లియర్ కోటు కొట్టి ఆరబెట్టాం.

చీకటి పడగానే మా ఆవిడ కారు తాళం తీసుకుంది. నేను వస్తానంటే వద్దంది. అత్తగారూ నేనూ గేటు దగ్గర నిలబడ్డాం. ఆమె ఏ దేవుడికి మొక్కుకుందో అడగలేదు. నాకు మొక్కడానికి ఎవరూ లేరు, అందుకని గేటు ఊచ పట్టుకున్నాను.

కారు తిరిగొచ్చింది. మా ఆవిడ కిటికీ అద్దం దించింది.

"ఆ మలుపులో డివైడరుకు చారలు వేశారు, చూశారా? ఎప్పుడో వేసినట్టున్నారు. అప్పుడే రంగు పెచ్చులూడుతోంది."

నా చేయి ఊచ వదిలింది. అత్తగారు చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంకో చుట్టు తిరిగొస్తాను," అని మా ఆవిడ రివర్స్ గేరు వేసింది.