గురప్ప గొంతు, తిప్పన్న వేలు

మా ఊరి రిజిస్ట్రేషను కచేరి కిటికీలు ఆ రోజుల్లో వీధివైపుకు తెరచుకొని ఉండేవి. కేశవస్వామి గుడిలో మధ్యాహ్నపు మహానివేదన గంట మోగి వీధి సద్దుమణిగిన తరువాత, ఆ కిటికీలోంచి ఒక గొంతు వినవచ్చేది.

"తూర్పున ఓబులేసు చేను గట్టు, దక్షిణాన కానుగ వంక, పడమర బండిదారి, ఉత్తరాన గుండ్రాళ్ల తిప్ప. ఈ చెక్కుబందీ మధ్య గల మెట్ట భూమిని..."

ఆ గొంతు ఒక్క క్షణం ఆగేది. ఆ విరామంలో మరొక గొంతు "ఊఁ" అనేది. మళ్లీ చదువు సాగేది. ఊరికి కొత్తవారు, ఎవరో పురాణం చదువుతున్నారనీ, ఎవరో భక్తుడు ఊకొడుతున్నాడనీ భ్రమించి, చెప్పులు విడిచి అరుగెక్కిన సందర్భాలు కూడా ఉన్నాయి.

చదివే ఆయన గురప్ప. ఊకొట్టే ఆయన తిప్పన్న. ఇద్దరూ నకలు గుమాస్తాలు. భూమి క్రయమైనా దానమైనా, ఆ దస్తావేజును అక్షరం పొల్లుపోకుండా పెద్ద బైండు పుస్తకంలోకి చేతితో ఎత్తిరాయడం అప్పటి పద్ధతి. రాయగానే పని ముగిసేది కాదు. అసలు కాగితాన్ని గురప్ప చేతబట్టి పైకి చదవాలి. పుస్తకంలోని నకలు మీద తిప్పన్న వేలు పెట్టి, పంక్తి వెంట పంక్తి నడిపించాలి. సరిపోయిందని ఇద్దరూ సంతకం చేస్తేనే ఆ నకలుకు ప్రాణం.

గుడిలో పురాణం చెప్పే నాకు ఈ పద్ధతి ఎంతో పూజ్యంగా కనిపించేది. మన పెద్దలు వేదాన్ని తాటాకుకు అప్పగించలేదు, చెవికి అప్పగించారు. పదాన్ని విడదీసీ, కలిపీ, వెనుకకు తిప్పీ వల్లించి ఒక్క స్వరమైనా జారకుండా కాపాడారు. కన్ను తొందరపడి దాటిపోయిన దానిని చెవి పట్టుకుంటుందన్నది వారి అనుభవం. గురప్పకు వేదంతో పరిచయం లేదు. కానీ అదే నిష్ఠ ఆయన కంఠంలో ఉండేది.

ఆ ఇద్దరి మధ్య ఒక ఆచారం ఉండేది. నకలులో పొరపాటు దొరికినప్పుడు తిప్పన్న నోటితో "తప్పు" అనేవాడు కాడు. అది ఒక సంసారానికి తిండిపెట్టే భూమికి సంబంధించిన కాగితం, దాని మీద ఆ మాట పడకూడదని ఆయన నమ్మకం. నడివేలు మడిచి బల్లమీద ఒక్కసారి తట్టేవాడు. గురప్ప ఆగేవాడు. ఇద్దరూ తలలు ఆనించి చూసి, అంచున దిద్ది, ఆ దిద్దుబాటుకూ ఇద్దరూ సంతకాలు పెట్టేవారు.

రైతులు కూడా ఈ చదువుకు అలవాటుపడ్డారు. తమ కాగితం ఏనాడు పుస్తకానికెక్కుతుందో తెలుసుకొని, ఆనాడు కిటికీ కింద వచ్చి కూర్చునేవారు. చెన్నమ్మ అనే వృద్ధురాలు తన కాగితం కాకపోయినా వచ్చేది.

"నా చేను వచ్చినాదా సామీ?" అని ఒకనాడు కిటికీ చువ్వలు పట్టుకొని అడిగింది.

"నీది కాదమ్మా, నీ పక్క చేను చదువుతాండా. గమ్మున కూచో," అన్నాడు గురప్ప.

"పక్కదయితే మాత్రం! నా గట్టు యాడికి జరిపినారో విననీప్పా!"

వానలు ముఖం చాటేసిన సంవత్సరాలలో గురప్ప గొంతుకు విశ్రాంతి ఉండేది కాదు. వేరుసెనగ చేలు ఎండిపోయిన కొద్దీ క్రయపత్రాలు పెరిగేవి. అలాంటి కాగితాలను ఆయన మరింత నెమ్మదిగా చదివేవాడు. కిటికీ కింద ఉన్న మనిషి తన చేను పేరును చివరిసారి తనదిగా వింటున్నాడని ఆయనకు తెలుసు.

గురప్ప భార్య కాలం చేసి చాలా ఏళ్లయింది. సంతానం లేదు. ఇంట్లో మాట్లాడడానికి గోడలే. తిప్పన్న ఉదయం సైకిలు మీద వచ్చి ఆయనను వెనుక కూర్చోబెట్టుకొని కచేరికి తీసుకువచ్చేవాడు. మధ్యాహ్నం తిప్పన్న ఇంటి సంగటి, ఊరిబిండి పచ్చడి ఇద్దరివీ. జీవితంలో తన మాటకు "ఊఁ" అనే మనిషి గురప్పకు ఒక్కడే ఉన్నాడు.

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో కచేరికి కంప్యూటర్లు వచ్చాయి. దుమ్ము పడకూడదని వీధి కిటికీలు మూసివేశారు. చల్లని గది కట్టారు. తిప్పన్నను అనంతపురం పంపి పని నేర్పించారు. ఉద్యోగవిరమణకు దగ్గరపడ్డాడని గురప్పను పంపలేదు. యంత్రం దగ్గర కూర్చోవడానికి చిలమత్తూరు నుంచి ఆశ్రిత అనే అమ్మాయి వచ్చింది.

మొదటినాడు ఆశ్రిత ఒక దస్తావేజును స్కానరు మీద పెట్టింది. కాగితం బొమ్మ తెర మీద వెలిసింది. గురప్ప ముందుకు వచ్చి, అసలు కాగితాన్ని చేతిలోకి తీసుకొని, గొంతు సవరించుకొని చదవడం మొదలుపెట్టాడు. తెర ముందు నిలబడిన తిప్పన్న కూడా అలవాటు చొప్పున "ఊఁ" అన్నాడు.

"సార్, ఏం చేస్తాండారు?" అంది ఆశ్రిత.

"సరిచూస్తాండా పాపా. నకలు దించినాక సరిచూడకుంటే ఎట్ల?"

"అది ఫోటో సార్! కాగితంలో ఏముంటే అదే వస్తాది."

"ఏముంటే అదేనా? ఈడ చీమ ఒకటి చచ్చి అతుక్కోనుండాది. దాన్ని గూడా దించినాదా?"

"దించినాది సార్. చూడండి, కాళ్లతో సహా!"

గది ఘొల్లుమన్నది. తాను కూడా ఊకొట్టానన్న సిగ్గును కప్పుకోవడానికో ఏమో, తిప్పన్న అందరికంటె గట్టిగా నవ్వి అన్నాడు: "గురప్పన్నా, ఇంగ నీ గొంతుతో ఈ కచేరికి పనిలేదులే. పోయి గుడికాడ పురాణం చదువుకో పో, కొబ్బరిచిప్పన్నా దొరుకుతాది!"

గురప్ప కాగితం మడిచి ఆశ్రిత చేతిలో పెట్టి, పక్కనున్న పాత రికార్డుల గదిలోకి వెళ్లిపోయాడు. మరునాడు తిప్పన్న సైకిలు గంట మోగించేసరికి ఆయన ఇంటికి తాళం వేసి ఉంది. నడిచి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి తిప్పన్నతో మాట లేదు. కొన్నాళ్లు తిప్పన్న ఆ తాళం ముందు ఆగి చూశాడు. తరువాత ఆయనకూ పంతం వచ్చింది. "ఎకసక్కెమాడితే ఇంత కోపమా!" అని దారి మార్చుకున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే యంత్రం మేలే చేసింది. నెలల తరబడి తిరిగిన కాగితం రైతు చేతికి ఆ పూటే వచ్చేది. చెదలకూ ఎలుకలకూ చేలను పోగొట్టుకొనే భయం తగ్గింది. అయితే వీధి మూగవోయింది. చెన్నమ్మ కొన్నాళ్లు మూసిన కిటికీ కింద కూర్చొని, లేచి వెళ్లిపోయింది.

మరి కొంత కాలానికి పాత పుస్తకాలన్నింటినీ కూడా యంత్రంలోకి ఎక్కించాలని ఆజ్ఞ వచ్చింది. అప్పుడు ఒక సంగతి తేలింది. యంత్రం వచ్చేనాటికి రాసి ఉంచిన చివరి చేతిరాత పుస్తకాన్ని ఎవరూ సరిచూడలేదు, దాని అసలు కాగితాలూ కచేరిలోనే ఉండిపోయాయి. సంతకాలు లేని నకలును ఎక్కించడానికి వీలులేదు. గురప్ప విరమణకు కొద్ది వారాలే ఉన్నాయి. తిప్పన్నతో మాటలు లేవు గనుక, చదవడం ఆయనకూ, పుస్తకం పట్టడం ఆశ్రితకూ అప్పగించారు.

గురప్ప ఒక పంక్తి చదివి ఆగాడు.

"ఏం సార్, ఆగినారు?"

"నువ్వు ఊఁ అనలేదు."

"తప్పుంటే చెప్తా గదా సార్. లేకుంటే ఎందుకు?"

"ఊఁ అనకుంటే నాకు ఊపిరి తిరగదు పాపా."

ఆ పిల్ల పాపం ప్రయత్నించింది. ఆమె ఊకొట్టు చేను సగంలో పడేది, లేదా వంక దాటాక పడేది. గురప్ప పంక్తి మరిచి మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఆ గొంతు అలా తడబడడం ఆ గోడలు అంతకు ముందెన్నడూ వినలేదు.

ఆశ్రిత తిన్నగా తిప్పన్న దగ్గరికి వెళ్లింది. "సార్, నా వల్ల కాదు. ఆయప్ప నాకు చదవడంలేదు, మీ కుర్చీకి చదువుతాండాడు."

"నన్ను పిలిచినాడా?" అన్నాడు తిప్పన్న, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

"పిలవలేదు."

"పిలవకుండా ఎట్ల పొయ్యేది?"

"ఊకొట్టేవాళ్లను పిలిచి ఎవరన్నా చదువుతారా సార్? చదువుతాంటే పోయి కూచుంటారు గానీ. ఆయన ఇట్లే రిటైరయి పోతే ఇంగ మీరు యాడ కూచుంటారు?"



మరునాడు మహానివేదన గంట మోగాక గురప్ప పుస్తకం తెరిచిపెట్టి అసలు కాగితం చేతబట్టాడు. పాత రికార్డుల గది వీధి కిటికీని మాత్రం ఎవరూ మూయలేదు. తిప్పన్న వచ్చి, ఎదుటి కుర్చీ లాక్కొని కూర్చొని, పంక్తి మీద వేలు పెట్టాడు. గురప్ప తల ఎత్తలేదు. చదివాడు. ఆగాడు.

"ఊఁ."

తరువాతి పంక్తి తడబడకుండా వచ్చింది. ఆ తరువాతిది వీధిలోకి వినిపించింది. కాసేపటికి కిటికీ చువ్వల వెనుక చెన్నమ్మ నెరసిన తల కనిపించింది.

"మళ్లా మొదలుపెట్టినారా నాయనా! ఎవరి చేనప్పా?"

"ఎవరిదయితేనేమవ్వా, విను," అన్నాడు తిప్పన్న.

ఒక దానపత్రం నడుమ బల్లమీద టక్కున శబ్దమయింది. గురప్ప ఆగాడు. కాగితం చూశాడు, పుస్తకం చూశాడు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు.

"ఏమప్పా? అక్షరం యాడా పోలేదే!" అన్నాడు. ఇన్నాళ్లకు తిప్పన్నతో ఆయన ఆడిన తొలిమాట అది.

"కాగితంలో ఏం పోలేదన్నా."

"మరి ఎందుకు తట్టినావు?"

తిప్పన్న వేలు ఇంకా బల్లమీదనే ఉంది. "ఆ పొద్దు అందరి ముందర నేనన్న మాటకు. అప్పుడే తట్టాల్సింది."

 

"దిద్దుబాటుకు ఇద్దరూ సంతకం పెట్టల్ల. తెలుసు గదా?" అన్నాడు గురప్ప.

"తెలుసన్నా."

"ఇన్నాళ్లు మాట్లాడకుండా ఉంటిని గదా, నాదీ పెట్టుకో." గొంతు సవరించుకున్నాడు. "వేలు ఆడనే ఉండాదా?"

"ఆడనే ఉండాది."

"అయితే విను," అని గురప్ప ఉత్తరపు సరిహద్దు నుంచి అందుకున్నాడు.

పుస్తకం ముగిసింది. ఇద్దరి సంతకాలతో అది యంత్రంలోకి ఎక్కింది. గురప్ప ఉద్యోగం విరమించాడు. ఆ ఏడు కార్తికమాసంలో గుడి మండపంలో పురాణానికి పద్యం చదివేవారు కావలసివస్తే, నేను వెళ్లి ఆయననే అడిగాను. ఆయన పద్యం చదివేవాడు, నేను అర్థం చెప్పేవాడిని. మొదటి సాయంకాలమే కచేరి నుంచి తిన్నగా వచ్చి తిప్పన్న ఎదురుగా కూర్చున్నాడు. పాదం ఆగిన చోటల్లా, ఒక్కటీ దారితప్పకుండా "ఊఁ" పడింది. హారతి అయ్యాక అర్చకుడు గురప్ప చేతిలో సగం కొబ్బరికాయ పెట్టాడు. ఆయన దాన్ని తెచ్చి తిప్పన్న చేతిలో పెట్టాడు.

"ఇదోప్పా, నువ్వు చెప్పిన చిప్ప. అందరి ముందర మాటిస్తివి, దొరికినాది."

తిప్పన్న దాన్ని మండపం మెట్టుకు కొట్టి, పెద్దముక్క ఆయనకే ఇచ్చాడు.