వరసలో ముందున్న ఆమె

దెయ్యాలూ గియ్యాలూ నమ్మే రకాన్ని కాదు నేను. సివిల్ ఇంజనీర్ని. గోడలోంచి ఏదైనా చప్పుడు వినిపిస్తే చెద పట్టిందేమో చూస్తాను, అంతే. పార్వతీపురంలో ఇంటికి వెళ్లినప్పుడల్లా మా అమ్మ నాకు దిష్టి తీస్తుంది. ఆవిడ తృప్తి కోసం కదలకుండా కూర్చుంటాను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, వేరే కారణం కోసం వెతికి వెతికి అలిసిపోయాననే అర్థం.

అరకులోయలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. పాతబడిన బళ్లు, సామాజిక భవనాలు బాగు చేయించడం మా పని. హుకుంపేట దాటాక కొండమీద ఒక ఊళ్లో పెంకుల హాలు ఒకటుంది. ఊరివాళ్లు దాన్ని క్లబ్బు అంటారు. లోపల విరిగిన క్యారమ్ బోర్డు, ఎప్పుడో పోయిన టీవీ తాలూకు చెక్కపెట్టె, ఒక బీరువా నిండా చదివీ చదివీ నలిగిన పుస్తకాలు. ఆడవాళ్లు థింసా ఆడుకునేది అక్కడే, పిల్లలు సాయంత్రం చదువుకునేది అక్కడే. వానాకాలంలో ఊరంతటికీ కూర్చునే చోటు అదొక్కటే. అది కూలితే ఇంకోటి కట్టే నాథుడు లేడు.

విశాఖలో ఒక ట్రస్టు డబ్బు ఇవ్వడానికి ముందుకొచ్చింది. మూడు అడిగారు. హాలు వాడుకునే మహిళల జాబితా, వేలిముద్రలతో. లోపల ఆడుతున్నట్టు ఒక వీడియో. భవనం మరమ్మతుకు పనికొస్తుందని ఇంజనీరు ఉత్తరం. ఆ ఇంజనీరు నేనే.

జాబితా దగ్గరే మొదలైంది గొడవ. థింసా బృందంలో పెద్దది బుద్రి. అరవై దాటి ఉంటాయి, ఒక చెవి సరిగా వినపడదు. బుధవారం పుట్టిందని ఆ పేరు. పదమూడు పేర్లు తనే చెప్పింది, నేను రాసుకున్నాను. మొదటి పేరు సోంబారి. ఒక్కొక్కరినీ పిలిచి వేలిముద్ర వేయిస్తుంటే పన్నెండు మందే తేలారు.

"సోంబారి ఏదీ?" అన్నాను.

"సచ్చిపోనాది కదమ్మా, శానా ఏళ్లయింది," అంది బుద్రి, అది నాకు తెలిసిన సంగతే అన్నట్టు.

నాకు ఒళ్లు మండింది. పొద్దుట్నించి ముసురులో తడిసి వచ్చాను, ఫారం ఒక్కటే ఉంది. ఫారంలో బంధుత్వం గడి ఉంటుంది, అందుకని అడిగాను, ఆవిడ నీకేం వరసని. "వరసలో ముందమ్మా" అంది. వరసకి పెద్దది, అక్కో వదినో అయ్యుంటుందని అనుకున్నాను. ఎవరైతేనేం, చచ్చిపోయినవాళ్ల పేరు జాబితాలో ఉంటే ట్రస్టువాళ్లు ఊరుకుంటారా. పెన్ను తీసి ఆ పేరు కొట్టేశాను.

"కొట్టెయ్యకమ్మా. ఆమె ఉంటాది," అంది బుద్రి.

"ఉంటే వచ్చి వేలిముద్ర వెయ్యమను," అన్నాను.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నా జవాబు బాగానే ఉందనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

తర్వాత హాలు చూశాను. పైకప్పు మొత్తం నాలుగు మద్ది దూలాల మీద ఉంది. నిచ్చెన వేయించి ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టి చూశాను. గట్టిగానే పలికాయి. కానీ దూలం చివర్లు గోడలో దూరి ఉంటాయి. చెమ్మ, చెద చేరేది అక్కడే. గోడమీది గచ్చు పగలగొట్టి చూడాలి. అది నాకు తెలుసు. ఇంజనీరింగులో మొదటి ఏడాదే నేర్పుతారు. పగలగొడితే వీడియోలో గోడ గుంటలు పడి కనిపిస్తుందని మానేసి, భవనం పనికొస్తుందని ఉత్తరం రాసి పంపేశాను. ఇది ఎవరూ నా మీద మోపలేదు, నేనే చెబుతున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వీడియో. బయట సన్నగా వాన, మంచు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపల చోటు తక్కువని తుడుములు వాయించే ఇద్దరినీ రేకుల వరండాలో కూర్చోబెట్టాను. లోపల పన్నెండు మంది ఆడవాళ్లు, నేను. బుద్రి మొదట నిలబడింది.

థింసా చూడనివాళ్ల కోసం చెబుతాను. పక్కామె వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, ఆమెకి అవతల ఉన్నామె చెయ్యి పట్టుకుంటారు. అందరూ ఒకే అడుగు. మొదటి ఆమె ఎటు తిరిగితే వరస అటు తిరుగుతుంది. ఆమెకి ఒక చెయ్యి మాత్రం ఖాళీగా ఉంటుంది, అందులో జేబురుమాలు ఊపుతుంది. వీడియోలో బాగుంటుందని ఎర్ర జేబురుమాలు కొత్తది నేనే తెచ్చి బుద్రికి ఇచ్చాను.

మొదలుపెట్టారు. తుడుముల మోతకి పెంకుల్లోంచి దుమ్ము రాలుతోంది. అది చూసి నాకు లోలోపల ఏదో బెదురు. ఆపమందామా అనుకున్నాను. రెండు నిమిషాలే కదా, అయిపోతుంది అనుకున్నాను. గోడ వారగా నిలబడి ఫోన్ పట్టుకుని తీస్తూనే ఉన్నాను. వాళ్లు హాలు చుట్టూ ఒక చుట్టు తిరిగారు. రెండో చుట్టు మధ్యలో బుద్రి చేతిలో జేబురుమాలు కింద పడింది. ఆమె వంగి తీసుకోలేదు. అడుగు తప్పలేదు. వరస గుమ్మం వైపు తిరిగింది.

నేను చెప్పింది లోపల ఆడమని. వీడియో సగంలో ఉంది. "ఎక్కడికి వెళ్తున్నారు? లోపలికి రండి," అని అరిచాను. ఒక్కరూ ఆగలేదు. తుడుములవాళ్లు కూడా ఆపలేదు. వరస మొత్తం పాములా గుమ్మంలోంచి వరండా దాటి వానలోకి వెళ్లిపోయింది. వాళ్లని తిట్టుకుంటూ, ఫోన్ పట్టుకునే నేనూ బయటికి వచ్చాను.

చివరి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాను. అప్పుడు వెనక పెద్ద చప్పుడు.

మూడో దూలం గోడలోంచి ఊడిపోయింది. దాంతో పాటు సగం కప్పు దిగిపోయింది. దుమ్ము గుమ్మంలోంచి పొగలా బయటికి వచ్చింది. నేను నిలబడ్డ గోడ వారన మోకాళ్లెత్తు పెంకుల కుప్ప. పన్నెండు మందిని లెక్కపెట్టాను, మళ్లీ లెక్కపెట్టాను. ఎవరికీ గీత కూడా పడలేదు. అక్కడే వానలో కూర్చుని ఏడ్చేశాను. నా ఉత్తరం వాళ్లని చంపబోయింది, ఇంకో మాట లేదు.

కొంచెం తేరుకున్నాక బుద్రి దగ్గరికి వెళ్లాను. ఏం విని బయటికి తీసుకొచ్చావని అడిగాను.

"నానేటి తెచ్చినాను? ఆమె లాగింది, నానొచ్చినాను," అంది.

"ఎవరు?"

నా ముఖం కేసి చూసింది. "కాఫీ కోసి కోసి గరుకైపోయిన సెయ్యి. నాకు తెలీదా?"

వరసలో ముందు అంటే చుట్టరికం కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ హాలు కట్టేటప్పుడు వాగు నుంచి రాళ్లు మోసిన ఆడవాళ్లను నడిపించింది సోంబారేనట. తర్వాత బతికినన్నాళ్లూ థింసాలో మొదటి చోటు ఆమెదేనట.

వరసలో బుద్రి పక్కన, రెండో చోటులో ఆడిన గౌరమ్మను, ఆమె బుద్రితో మాట్లాడకముందే పక్కకి తీసుకెళ్లి అడిగాను. బుద్రి వీపు వెనక నుంచి పోనిచ్చిన తన చేతిని కూడా అవతల నుంచి ఎవరో పట్టుకున్నారని చెప్పింది. బుద్రే పట్టుకుందేమో అన్నాను. "బుద్రక్క సేతులు నాకు తెలుసమ్మా," అంది.

ఇవి భయంలో చెప్పిన మాటలు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుందామని చూశాను. కర్ర విరిగే చప్పుడు ముందే వినపడిందేమోనని వీడియో ఎన్నిసార్లు విన్నానో. తుడుములు, నా అరుపులు, అంతే. ఆ మోతలో సరిగా వినపడని బుద్రికి వినిపించి, నాకు వినిపించకపోవడం ఏమిటి?

వీడియోలో ఇంకొకటి ఉంది. జేబురుమాలు పడిపోయాక బుద్రి చెయ్యి కిందికి వేలాడలేదు. పక్కకి చాచి, కొంచెం వంచి ఉంది, ఎవరి వీపు వెనకనుంచో పోనిచ్చినట్టు. ఆ గుమ్మం ఇరుకు, ఒక్కొక్కరే దాటాలి. అందరికంటే ముందున్న బుద్రి గుమ్మం దగ్గర ఒక్క అడుగు ఆగింది. ముందు ఒకరు దాటుతుంటే వెనకవాళ్లు ఆగినట్టు ఆగింది. తర్వాత దాటింది.

నా ఉత్తరం వెనక్కి తీసుకున్నాను. గచ్చు పగలగొట్టి చూడలేదని ఒప్పుకుంటూ ఇంకోటి రాశాను, వీడియో జతచేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. ట్రస్టువాళ్లు కొత్త కప్పుకి ఒప్పుకున్నారు, ఇప్పుడు ఇనుప దూలాలు ఎక్కుతున్నాయి.

జాబితా కొత్తగా రాయాల్సి వచ్చింది. బుద్రి ఏమీ అడగలేదు. మొదటి గడిలో సోంబారి అని నేనే రాశాను. బంధుత్వం గడిలో వరసలో ముందు అని రాశాను. వేలిముద్ర గడి ఖాళీగా వదిలేశాను.

పోయిన వారం ట్రస్టు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మొదటి పేరుకి వేలిముద్ర లేదు మేడమ్, కొట్టేయమంటారా అని అడిగాడు అక్కడి గుమస్తా.

"కొట్టేయకండి. ఆమె ఉంటుంది," అన్నాను.

ఉంటే ఎందుకు వెయ్యలేదని అడిగాడు. మొదట్లో నేనూ అదే అడిగానని చెప్పి ఫోన్ పెట్టేశాను.