పెద్ద ముక్క ముందు

డిపో వెనక గోడకు ఆనుకుని ఉన్న రేకుల గదిలో ఆమె సీట్లు కుడుతుంది. డ్రైవర్లు సీట్లమ్మ అంటారు. ఊళ్ల మధ్య తిరిగే బస్సులు, దేశాలు దాటే బస్సులు, లారీలు, ఏ బండిలోనైనా సీటు చిరిగి స్పాంజి బయటపడిందంటే ఆ గది ముందు ఆగవలసిందే. లోపల పెద్ద కుట్టుమిషను, కోతబల్ల, గోడ పొడుగునా రెక్సిన్ చుట్టలు. నేల మీద స్పాంజి పొట్టు. ఊడుస్తుంటే లేస్తుంది, ఆపగానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

పని ఆమెకు తల్లి నేర్పింది. నోటితో చెప్పిన పాఠం ఒక్కటే, మిగతావన్నీ స్కేలుతో వేళ్ల మీద చెప్పింది. ఆ ఒక్కటీ ఇది: పెద్ద ముక్క ముందు. చుట్ట విప్పగానే వీపు ముక్క, కూర్చునే ముక్క కత్తిరించుకోవాలి. పక్క పట్టీలు, అంచులు మిగిలినదాంట్లో ఎలాగో వస్తాయి. చిన్నవి ముందు కోసుకుంటూ పోతే చివరికి పెద్దదానికి చాలదు, అప్పుడు ఎంత ఏడ్చినా రెక్సిన్ సాగదు. అతుకు తప్పకపోతే సీటు ముందంచు దగ్గర, తొడ కిందికి వచ్చే చోట వెయ్యాలి. కనిపించదు.

ఇన్నేళ్లలో ఆమె ఏ బస్సులోనూ దూరం పోలేదు. ఇల్లు డిపోకు ఎదురుగానే. ఇంతమందిని కూర్చోబెట్టింది గాని, తను కుదురుగా కూర్చున్న పాపాన పోలేదని ఆడపడుచు ఎగతాళి చేసేది. ఆ ఇంట్లో ఊళ్లు తిరగడం మొగుడి వంతు. అతను సరిహద్దులు దాటే సరుకు లారీ నడిపేవాడు. వచ్చినప్పుడు కొన్నాళ్లుండేవాడు. ఉన్నన్నాళ్లూ ఇద్దరూ పోట్లాడుకునేవారు, కూరలో ఉప్పుకూ, తలుపు గడియకూ, ఆమె మిషను చప్పుడుకూ. పోయాక ఆమె గది గుమ్మం వంక చూస్తూ కుట్టుకునేది.

ఇప్పుడతను లారీ పోయే దారిలో చివరి దేశంలో ఒక ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. స్టీరింగు ముందు ఉండగానే పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. బండిని ఎలాగో రోడ్డు పక్కకు తీసి ఆపాడట. లారీ యజమాని వెంటనే ఇంకో డ్రైవరును పంపాడు. ఆ డ్రైవరు సరుకు దించి, లారీ తీసుకుని వచ్చేశాడు. మనిషిని కూడా తెమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రిలో ఒక నర్సుకు వీళ్ల భాష ముక్కలు ముక్కలుగా వచ్చు. మధ్యాహ్నాలు తీరిక దొరికితే ఫోను కలిపి అతని చెవి దగ్గర పెట్టేది. అతను ఎడమచేతి గోటితో ఫోను మీద కొట్టేవాడు. ఒక దెబ్బంటే అవును. రెండంటే కాదు.

“పెళ్లయ్యాక నా మాటకు అడ్డు రాకుండా ఉన్నది ఇదే మొదటిసారి కదయ్యా,” అంది ఆమె మొదటిరోజు.

అటునుంచి ఒక దెబ్బ. ఫోను పెట్టేశాక ఆమె కోతబల్ల కిందికి వంగి, పడిపోయిన సూదిని వెతుకుతున్నట్టు చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

మాట లేని రోగిని ఒంటరిగా పంపించరని నర్సు చెప్పింది. సొంతమనిషి వచ్చి తీసుకుపోవాలి. మంచు పడేదాకా చూస్తారు. మంచు మొదలైతే ఆసుపత్రిలో మంచాలు చాలవు, అప్పుడు దిక్కులేనివాళ్లను ఉంచే చోటికి మారుస్తారు. అది దేశం లోలోపల ఎక్కడో ఉంది. అక్కడికి పోయినవాళ్లను వెతుక్కుంటూ వచ్చినవాళ్లున్నారు గాని, కనుక్కున్నవాళ్లను తాను చూడలేదంది.

విమానం ధర అడగడానికి ఆమె టికెట్ల ఆఫీసు మెట్లు ఒకసారి ఎక్కింది. పడుకోబెట్టి తేవాల్సిన మనిషికి ఒక సీటు సరిపోదని అక్కడి అమ్మాయి మెత్తగా చెప్పి, కాగితం మీద ఒక అంకె రాసి తిప్పి చూపించింది. ఆ అంకె చూశాక ఆమె మళ్లీ ఆ మెట్ల వైపు పోలేదు. ఇక మిగిలింది నేల మీది దారి.

దారి వేసింది బ్రేకుల బాబాయి. అతను పని మానేసిన పాత డ్రైవరు. ఎవరి పక్కన కూర్చున్నా కుడికాలితో నేలను తొక్కుతుంటాడు, అందుకని ఆ పేరు. డిపోలో దేశాలను అసలు పేర్లతో పిలవరు. మొదట గుంతల దేశం, తర్వాత తనిఖీల దేశం, తర్వాత చలి దేశం, దాని అవతల చివరి దేశం. బాబాయి కోతబల్ల మీద సుద్దముక్కతో ఒక వంకర గీత గీసి, బస్సు మారే చోటల్లా సున్నా చుట్టాడు. గది అద్దెలు లేకుండా రాత్రుళ్లు బస్సుల్లోనే పడుకోవాలి. స్నానం డిపోల్లో. తిండి, ఎండిన రొట్టె. చలి దేశందాకా టికెట్టు మాటే లేదు, ఇంజను పక్క సీటు మీద కూర్చోబెట్టి తీసుకుపోతారు.

“నీ సీటు మీద కూర్చోని డ్రైవరు ఆ రోడ్డు మీద లేడమ్మాయ్. ఎక్కించుకోనంటే సీటు పీక్కుపోతానను,” అన్నాడు. ఆగి, మళ్లీ అన్నాడు. “కుట్టు గట్టిదేలే. కాకపోతే దూరం పోతే ఎక్కడో ఏదో గుచ్చుద్ది.”

“గుచ్చేది మీ వయసు బాబాయ్,” అంది ఆమె.

తిరుగు దారికి ఆమె సొంతంగా ఒక ఏర్పాటు చేసుకుంది. బస్సులో వెనక పొడుగు సీటు మీద అతన్ని పడుకోబెట్టాలి. మరమ్మతుకు వచ్చిన బస్సెక్కి, ఆ సీటు మీద తానే పడుకుని చూసింది. అతను తనకంటే జానెడు పొడుగు. మోకాళ్లు మడవాలి. మలుపుల్లో దొర్లిపోకుండా రెక్సిన్ పట్టీలు కుట్టింది, ఒకటి ఛాతీకి, ఒకటి తొడలకు. లోపలివైపు మెత్తటి గుడ్డ వేసింది.

ఆ పట్టీలు చూసి ఆడపడుచు పెదవి విరిచింది.

“మన వీధి చివర బస్టాపు ఎటుందో తెలీదు నీకు. ఇన్ని దేశాలు దాటుతావా వదినా?”

“తెలీకపోతే అడుగుతా.”

“ఏ భాషలో?”

“చేత్తో అడుగుతా. మీ అన్నయ్య వేలితో మాట్లాడటంలా?”

ఆడపడుచు లోపలికి పోయింది. కాసేపటికి అన్నగారి ఉన్ని మేజోళ్లు తెచ్చి సంచిలో కుక్కింది.

అన్ని దేశాల వీసాలకూ ఒకే ఆఫీసు. కిటికీలు వేరు. ఆమె తిన్నగా చివరి దేశం కిటికీ దగ్గరికి పోయింది. అన్నిటికంటే కష్టమైన వీసా అది, రుసుమూ ఎక్కువే. అది దొరక్కపోతే మిగతా మూడూ దేనికి? బాబాయి కూడా అవునన్నట్టు తలూపాడు. అతను తిరిగిన రోజుల్లో కాగితాలన్నీ లారీ కంపెనీ చూసుకునేది, ఏ కిటికీ ముందూ తాను నిలబడింది లేదు. ఆ వీసా వచ్చిన రోజున ఆమె ముద్ర మీద అరచెయ్యి పెట్టి అదిమింది, కొత్త కుట్టును అదిమినట్టు. పెద్ద ముక్క చేతికొచ్చింది. ఇక అంచులే.

తర్వాత చలి దేశం కిటికీ. ఆ తర్వాత తనిఖీల దేశం. ఒక్కోటీ పాస్‌పోర్టును తన దగ్గరే పెట్టుకుని, ఇదిగో అదిగో అంటూ రోజులు తినేసింది. ఈలోగా ఎండ పల్చబడింది. నర్సు ఫోన్లు తగ్గాయి. గోటి దెబ్బ మెత్తబడింది. అది దెబ్బో, ఫోను దుప్పటికి రాసుకున్న చప్పుడో తెలియక ఆమె మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చేది.

ఆఖరి కిటికీ గుంతల దేశానిది. అక్కడి గుమాస్తా ముద్ర వేసి, ఊరికే ముందు పేజీలు తిప్పాడు.

“బయల్దేరేది ఎప్పుడమ్మా?”

“రేపే. సంచి సర్దేశాను.”

“మరి చివరి దేశానిది గురువారంతో అయిపోతోందే, చూసుకున్నారా?”

ఆమెకు అర్థం కాలేదు. అతను ఓపికగా చెప్పాడు. ఆ వీసా గడువు అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి మొదలవదు, ముద్ర వేసిన రోజు నుంచే లెక్క. కిటికీల చుట్టూ తిరగడంలోనే గడువంతా కరిగిపోయింది. బస్సుల్లో ఆ సరిహద్దు చేరేసరికి గురువారం ఎప్పుడో వెనకబడుతుంది. మళ్లీ తీసుకోవచ్చు, మొదటిసారి పట్టినంత కాలమూ పడుతుంది.

“అప్పటికి మంచు పడుతుంది,” అంది ఆమె.

“దాన్ని ఆఖర్న కదమ్మా తీసుకోవాల్సింది. ముందు అదే తీసుకోమని ఎవరు చెప్పారు మీకు?”

మా అమ్మ, అనబోయి ఊరుకుంది.

ఆ సాయంత్రం ఆమె గదిలోకి పోయి కొత్త చుట్ట బల్ల మీదికి ఎత్తి విప్పింది. మంచి రెక్సిన్, ఎవరి బస్సుకో తెప్పించినది. కత్తెర తీసుకుని పట్టీలు కోయడం మొదలుపెట్టింది. మొదటినుంచీ పట్టీలే. ఒకదాని తర్వాత ఒకటి, సన్నగా, దేనికీ పనికిరానంత సన్నగా. కొలవలేదు, సుద్దగీత గీయలేదు. పట్టీలు కాళ్ల మీద పడుతున్నాయి. బల్ల మీద బాబాయి గీసిన దారి ఇంకా చెరిగిపోలేదు, కత్తెర దాని మీదుగానే పోతోంది.

ఆడపడుచు వచ్చి, కత్తెర ఆమె చేతిలోంచి తీసుకుంది.

“ఆ ముద్ర నేనూ చూశాను వదినా. తేదీ నేనూ చదివాను. నాకూ తట్టలేదు,” అంది.

కబురు తెలిసి బాబాయి వచ్చాడు. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, చాలాసేపు కుడికాలితో నేలను తొక్కుతూ ఉన్నాడు. తనూ తలూపాడు కదా, ఆ బరువుంది. చివరికి నోరు తెరిచాడు.

“లోపలికి పోయేవాళ్లకమ్మా వీసా. బయటికొచ్చేవాడికి ఎందుకు?”

ఆమె తలెత్తింది. చలి దేశందాకా కాగితాలు బాగానే ఉన్నాయి. దాని చివర ఒక గేటు. గేటుకు ఆసుపత్రి ఒక పూట దూరం. ఈమె ఇవతల నిలబడితే, వాళ్లు అతన్ని అక్కడిదాకా తెచ్చి అప్పగిస్తే చాలు. అడుగు లోపల పెట్టక్కర్లేదు.

“తెస్తారా బాబాయ్?”

“ఏమో అమ్మాయ్.”

మర్నాడు మధ్యాహ్నందాకా నర్సు దొరకలేదు. దొరికాక, విని, డాక్టరును అడిగి వస్తానని పోయింది. ఫోనులో ఎవరో దగ్గుతున్నారు, చక్రాల చప్పుడు, ఏదో గిన్నె పడింది. తిరిగి వచ్చి చెప్పింది. వ్యాను ఇవ్వగలరు. కాని ఈ చలిలో అంత దూరం కదిలిస్తే మనిషికి ప్రమాదం. కాబట్టి రోగి తానుగా ఒప్పుకోవాలి, డాక్టరు ముందు. అతను కాదంటే మంచం మీంచి కదిలించరు.

“చెవి దగ్గర పెట్టమ్మా,” అంది ఆమె.

ఊపిరి వినిపించింది. ఆమె గోడ వైపు తిరిగింది.

“ఏమయ్యా. నేను గేటు దాకా వస్తాను. అక్కడి నుంచి రానివ్వరు. తప్పు నాదే, ఎలా జరిగిందో వచ్చాక చెప్తాను, అప్పుడు తిట్టుకో. నువ్వు గేటు దాకా రావాలి. వస్తానని డాక్టరుకు చెప్పు. ఒక్క దెబ్బ కొట్టు.”

రెండు దెబ్బలు వినిపించాయి.

“నేనన్నది వినపడిందా?”

ఒక దెబ్బ.

“దారిలో నీకేమన్నా అవుతుందనా?”

రెండు.

బయట ఏదో బస్సు వెనక్కి వస్తోంది, ఎవరో రానీ, రానీ అని బస్సు ఒంటిని చరుస్తున్నారు.

“నాకేమన్నా అవుతుందనా?”

ఒక దెబ్బ. ఆ రోజు కొట్టినవాటిలో అదే గట్టిది.

“నువ్వు కాదన్న పని నేనెప్పుడు మానానయ్యా?” అంది ఆమె. “గేటు దగ్గర కూర్చుంటాను. నువ్వు ఒప్పుకునేదాకా కూర్చుంటాను. మంచు పడితే మంచులో కూర్చుంటాను. నువ్వు వెచ్చగా పడుకుని అది తలుచుకుంటూ ఉండు.”

అటునుంచి ఏ చప్పుడూ రాలేదు. ఆమె ఎదురుచూస్తుండగానే లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఆమె ఎక్కిన బస్సు బయల్దేరింది. సంచిలో రొట్టె, మేజోళ్లు, దబ్బనం, దారం, రెండు పట్టీలు. ఆడపడుచు ఇంజను పక్క కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“మిషను మీద దుమ్ము పడనివ్వను. నువ్వొచ్చాక కుట్టు బాలేదని నా మీద పడకు,” అంది. వాళ్లన్నయ్య మాట ఇద్దరూ ఎత్తలేదు.

బస్సు డిపో గోడ దాటింది. రేకుల గది వెనక్కి పోయింది, తర్వాత ఆమెకు తెలియని వీధులు, తర్వాత వీధులు కూడా లేవు. ఎండ ఎక్కేసరికి తొడ కింద ఏదో ఒత్తుకోవడం మొదలైంది. సంచి అనుకుని పక్కకు నెట్టింది. పోలేదు. జరిగి కూర్చుంది. పోలేదు. చెయ్యి కిందికి పోనిచ్చి తడిమింది. ముందంచు దగ్గర గట్టిగా లేచి ఉన్న గీత. ఆమె వేసిన అతుకే. రెక్సిన్ చాలనప్పుడు, కనిపించని చోట.

అతని లారీ సీటు కుట్టినప్పుడూ రెక్సిన్ చాలలేదు. మిగులు ముక్కలతో కుట్టింది, ఇంటి బండే కదా అని. అక్కడే వేసింది అతుకు. ఆ సీటు మీద కూర్చునే అతను ఈ రోడ్లన్నీ తిరిగాడు, గుంతలు, తనిఖీలు, చలి. ఇంటికి వచ్చి ఉప్పుకు పోట్లాడాడు. గడియకు పోట్లాడాడు. ఈ అతుకు మాట మాత్రం ఏనాడూ అనలేదు.

డ్రైవరు అద్దంలోంచి ఆమె కదలడం చూశాడు.

“సీటు బాగుందా సీట్లమ్మా?”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“బాగుంది,” అంది. తర్వాత జరగకుండా అలాగే కూర్చుంది.