అట్ట ముఖం వెనక ముత్తమ్మ

నాచారం పాత ఊళ్లో నీలవేణికి నోరున్న మనిషని పేరు. కర్రీ పాయింట్ నడుపుతుంది. కూరలో ఉప్పెక్కువైందని ఎవరైనా నసిగితే, మీ ఇంట్లో అదీ దొరకదనే కదా ఇక్కడికొచ్చారని వాయించి పంపుతుంది. అలాంటి మనిషి చిన్నప్పుడు చూసిన ఒక బ్లాక్ అండ్ వైట్ సీరియల్ పేరు చెబితే వణికేది. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ సీరియల్ పేరు 'ఆవలి గ్రహం'. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన ఉప్పల్ దారిలోని బండల మీదే అప్పట్లో ఆ గ్రహాన్ని తీశారు. గ్రహవాసులెవరనుకున్నారు? నాచారం ఆడవాళ్లే. నాట్లు లేని రోజుల్లో కూలికెళ్లి, అట్టతో చేసిన ముఖాలు తగిలించుకుని నిలబడ్డారు. వాళ్లలో నీలవేణి తల్లి ముత్తమ్మ కూడా ఉంది. సీరియల్ డబ్బాల్లో ఏళ్ల తరబడి మూలిగి, నీలవేణి బడికెళ్లే వయసులో టీవీలో వచ్చింది. అప్పటికే ముత్తమ్మ కామెర్లతో పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు.

పటేల్ ఇంటి టీవీ ముందు ఊరంతా కూర్చుంది. అగో ముత్తమ్మ అని ఒకరు, గది కాదు గా పక్కదని ఇంకొకరు. అన్నీ ఒకే రకం అట్ట ముఖాలాయె, పిల్ల ఎవరిని చూడాలి? అంతలో ఒక అట్ట ముఖం, భూమి నుంచి వచ్చిన నాయిక చేతుల్లోని పసిబిడ్డ మీదికి రెండు చేతులూ చాచింది. డప్పు మోగింది, తెర నల్లబడింది. పై వారం కథలో ఆ బిడ్డ లేదు. నీలవేణి మంచం కిందికి దూరింది. ముసలమ్మలైతే ఆ చేతులు ముత్తమ్మవేనని, పసిదాని మీద అట్లా చెయ్యి చాచినందుకే పోయిందని తేల్చేశారు. ఆనాటి నుంచి తల్లిని తలుచుకుంటే పిల్లకు గుర్తొచ్చేవి ఆ చేతులే. కన్నతల్లికి భయపడుతూ బతకడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. తండ్రి బాలనర్సింహను అడిగితే తువ్వాల దులుపుకుని బయటికి పోయేవాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం భర్త హరీష్ ఆ సీరియల్ డీవీడీలు తెచ్చాడు. ఎవరో పాత రీళ్లను శుభ్రం చేసి అమ్ముతున్నారట. అప్పట్లో కోసి పారేసిన ముక్కలు కూడా ఉన్నాయని పెట్టె మీద రాసుంది. నీలవేణి భర్తను తిట్టాల్సినంతా తిట్టి, చివరికి తానే టీవీ ముందు కూర్చుంది. అమ్మ ముఖం ఏ మూలనైనా దొరక్కపోతుందా అని ఆశ. బాలనర్సింహ లేచి పోదామనుకున్నాడు గానీ మోకాళ్లు సహకరించలేదు.

సీరియల్ అయ్యాక కోసిన ముక్కలు పెట్టారు. వాటికి మాటా లేదు, చప్పుడూ లేదు. అదే బండ, అదే బిడ్డ. చేతులు చాచుకొచ్చాయి. డప్పు మోగాల్సిన చోట మోగలేదు, బొమ్మ ఆగకుండా నడిచింది. ఆ చేతులు బిడ్డ చెంపలు నిమిరి, వెనక్కి వచ్చి, అట్ట ముఖం కణతల మీద మెటికలు విరిచాయి.

దిష్టి తీసింది! ఇంతమంది కళ్లు పడుతున్నాయని పసిదానికి దిష్టి తీసింది. జనాన్ని జడిపించడానికి సగం చాలనుకుని మిగతా సగం కోసేశారు, వాళ్ల చేతులు పడిపోను. హరీష్ బొమ్మ ఆపాడు.

"నాయినా, గా పోరి ఎవరు?" అని అడిగింది నీలవేణి.

బాలనర్సింహ తెర వైపు చూడలేదు. "నువ్వే బిడ్డా. పసిపోరి కావాలన్నరు, ఇచ్చినం. పరాయిదాని చేతుల నువ్వు ఏడుస్తుంటె మీ అమ్మకు పానం ఆగలే." అట్లా చెయ్యి చాచినందుకే ఆమె పోయిందన్న ఊరి మాట తనూ నమ్మానని, అందుకే ఆ ఊసెత్తలేదని చెప్పి తువ్వాలతో కళ్లు మూసుకున్నాడు.

హరీష్ మళ్లీ నడిపించాడు. తెర మీది బిడ్డ అట్ట ముఖాన్ని చూసి ఇంకా జడుసుకుని ఏడ్చింది. నేనేనే అని చెప్పడానికి కాబోలు, ముత్తమ్మ ఆ అట్ట అంచు పట్టుకుని పైకెత్తబోయింది. గడ్డం కనబడింది. కింది పెదవి కనబడింది. అంతే, తెర తెల్లబడింది, రీలు అయిపోయింది.

హరీష్ టీవీ కట్టేయబోయాడు. నీలవేణి అతని చెయ్యి పట్టుకుంది.

"మళ్ల పెట్టు," అంది. "ఈసారి తీస్తదేమో."